ఇష్టానికి మారువేషం వద్దు బిడ్డా

కట్టంగూర్

బిడ్డా,

నువ్వు నా దగ్గర వదిలిపోయిన ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’ చదవడం అయింది. పక్కన డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లిషు నవల ఆసాంతం చదవడం నా వయసులో తేలికైన పని కాదు. అయినా మధ్యలో వదలబుద్ధి కాలేదు. దాని గురించి నీతో చాలా మాట్లాడాలని ఉంది. అంతకంటే ముందు మొన్న పండక్కి వచ్చినప్పుడు నీ నోట విన్న ఒక మాట గురించి చెప్పాలి. ఫోన్‌లో అయితే కోప్పడుతున్నాననుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

అన్నాల దగ్గర మీ నాయిన ఆ పుస్తకం చూసి, “ఇది సిలబస్‌లదేనా బిడ్డా?” అని అడిగాడు. “ఇంగ్లిష్ ఇంప్రూవ్ అయితదని సార్ చదవమన్నడు” అని నువ్వు తడుముకోకుండా చెప్పావు. ఏ సారూ చెప్పలేదని నాకు తెలుసు, నీకూ తెలుసు. మీ నాయిన మాత్రం “అట్లనా, మంచిగ చదువు” అని తృప్తిగా లేచి చేయి కడుక్కున్నాడు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నువ్వు నవల చదవడం తప్పు కాదు. మంత్రాలు, మాయలు ఉన్న నవల చదవడం అసలే తప్పు కాదు. తప్పల్లా నీకు ప్రాణంగా నచ్చినదాన్ని ఇంకేదో పనికొచ్చే వస్తువని చెప్పి దాటెయ్యడం. అట్లా చెప్పినప్పుడు ముగ్గురికి అన్యాయం చేశావు. నిన్ను నమ్మిన తండ్రికి, నిన్ను అన్ని రాత్రులు మేల్కొలిపి కూర్చోబెట్టిన పుస్తకానికి, అన్నిటికంటే ఎక్కువ నీకు. మార్కుల కోసమే ఏదైనా ఇష్టపడాలన్న మాటకు నీ అంతట నువ్వే తలవంచావు. ఈ ఒక్క సంగతి నీకు నచ్చజెప్పాలని నా తాపత్రయం.

ఇక నీ పుస్తకంలోకి వస్తాను. నాకు ఎక్కువ నచ్చినది మాయలమారి హౌల్ కాదు, సోఫీ. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. ఆ ఇంగరీ దేశంలో పెద్దపిల్లగా పుట్టినవాళ్ళు అదృష్టం వెతుక్కుంటూ పోతే ముందుగా చెడేది వాళ్ళేనని అందరి నమ్మకం. అందుకే ఆ పిల్ల ఏమీ కోరుకోకుండా, తండ్రి పోయాక టోపీల దుకాణం వెనక గదిలో కూర్చొని టోపీలకు సింగారం చేస్తూ ఉంటుంది. మాట్లాడేందుకు మనిషి దొరక్క టోపీలతోనే మాట్లాడుతుంది. ఒక టోపీతో నీది బంగారం లాంటి మనసు, పెద్ద హోదా ఉన్నవాడు అది చూసి నిన్ను ప్రేమిస్తాడంటుంది. దాన్ని కొనుక్కున్న అమ్మాయి ఒక కౌంటుతో లేచిపోతుంది. తన మాటకు అంత బలం ఉందని సోఫీకే తెలియదు. ఈ ఘట్టం నేను రెండుసార్లు చదివాను.

తరవాత బంజరుభూమి మంత్రగత్తె వచ్చి పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లను తొంభై ఏళ్ళ ముసలమ్మను చేసిపోతుంది. అద్దంలో చూసుకొని ఆమె గుండెలు బాదుకోదు. శాలువా కప్పుకొని, రొట్టె మూట కట్టుకొని ఇల్లు దాటుతుంది. గుట్ట ఎక్కుతుంటే ఆయాసం, కీళ్ళు పట్టెయ్యడం, ఊతకర్ర దొరికితే కలిగే సంతోషం అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం వచ్చిన 1986 నాటికి రచయిత్రి డయానా విన్ జోన్స్‌కు యాభై దాటాయి. అందుకే మోకాలి నొప్పి గురించి అంత నికరంగా రాసింది. వయసులో ఉన్నన్నాళ్ళూ నోరు మెదపని పిల్ల, ముసలిదయ్యాక ఎవరికీ జంకకుండా మాట్లాడుతుంది, హౌల్ ఇంట్లో దూరి బూజు దులుపుతుంది, పొయ్యిలో కూర్చున్న అగ్నిభూతం కాల్సిఫర్‌ను తలవంచమని అదిలించి దాని నెత్తిన పెనం పెడుతుంది. ఇవన్నీ చదువుతుంటే నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

తలుపు సంగతి కూడా చెప్పాలి. ద్వారబంధంలో ఒక నలుచదరపు కొయ్య పిడి, దాని నాలుగు వైపులా నాలుగు రంగుల చుక్కలు. నీలం కిందికి తిప్పితే తలుపు ఓడరేవులో తెరుచుకుంటుంది. ఎరుపు తిప్పితే రాజుగారి పట్నం, పచ్చ తిప్పితే గుట్టల మీద పూలు. నలుపు తిప్పితే వేల్స్. అది మాత్రం నిజంగా ఉన్న దేశం, అక్కడ హౌల్ అక్క కాపురం ఉంటుంది, పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చొని ఆడుకుంటుంటారు. కలలో మన ఇంటి తలుపు తీస్తే బడి వరండా వచ్చినా మనం ఆశ్చర్యపోమే, ఆ పుస్తకంలో నడక అట్లా ఉంది. ఎందుకు, ఎట్లా అని అడగాలనిపించదు. పుస్తకం మూసిన తరవాత గానీ అది ఎంత చిత్రమో తట్టదు. నువ్వు దానికి లొంగిపోయావంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక నీకు బాగా గుర్తున్న చోటికి వస్తాను. సోఫీ మీద ఉన్న మంత్రాన్ని ఆమెకు తెలియకుండా తీసెయ్యాలని హౌల్ ప్రయత్నిస్తాడు. ఎంత చేసినా అది పోదు. చివరికి, ఈమెకు మారువేషంలో ఉండటమే ఇష్టమేమో అనుకొని ఊరుకుంటాడు. మంత్రగత్తె వేసిన శాపం ఒక పాలు అయితే, సోఫీ తనంతట తాను పట్టుకు వేలాడిన ముసలితనం ఇంకో పాలు. ఆమె మాటకు బలముంది కదా, నేను ముసలిదాన్ని, నాతో ఏమవుతుంది అని తన గురించి తాను అనుకున్నంత కాలం అదే నిజమై కూర్చుంది. “ఇంగ్లిష్ ఇంప్రూవ్ అయితది” అన్న నీ మాట కూడా అట్లాంటిదే తల్లీ. పదిసార్లు అంటే అది నీకు నిజమైపోతుంది. అప్పుడు నీకు ఆ పుస్తకం ఎందుకు నచ్చిందో నీకే గుర్తుండదు.

నువ్వు ఎవరి ముందు సిగ్గుపడుతున్నావో ఆ మనుషుల నుంచే ఈ ఇష్టం నీకు వచ్చింది. మీ నాయిన, నేను బాలనాగమ్మ కథ విని పెరిగినవాళ్ళం. చిందు భాగోతం వాళ్ళు ఆడితే చూశాం, బుడిగె జంగాలు చెబితే విన్నాం. కథలోని పానుగంటి రాజ్యం నల్లగొండ పక్కనున్న మన పానగల్లే అని చిన్నప్పుడు గట్టిగా నమ్మాం. బిచ్చానికి వచ్చినట్టు వచ్చిన మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కను చేసి వెంట తోలుకుపోతాడు. ఉయ్యాలలో పసిబిడ్డ ఉండిపోతాడు. విడిపించడానికి సైన్యంతో వెళ్ళిన మొగుడు కార్యవర్ధిరాజు, అతని అన్నదమ్ములు రాళ్ళయిపోతారు. బాలనాగమ్మ చేతిలో కత్తి లేదు, మంత్రం లేదు. నోములో ఉన్నాను, గడువు తీరేదాకా దగ్గరికి రావద్దని ఒక్క మాట అంటుంది. అంత పెద్ద మాంత్రికుడు ఆ మాట దాటలేక ఏళ్ళకేళ్ళు కాచుకొని ఉంటాడు. ఈలోపు కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వెతుక్కుంటూ వస్తాడు. మరాఠీ ప్రాణం అతని ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది.

ఇప్పుడు నీ నవల గుర్తు తెచ్చుకో. హౌల్ గుండె అతని ఒంట్లో లేదు, పొయ్యిలోని కాల్సిఫర్ దగ్గర ఉంది. ప్రాణాన్ని బయట దాచుకున్న మాంత్రికుడు, ఒడంబడిక, గడువు అన్నీ ఉన్నాయి. ఇంగ్లండులో కూర్చొని రాసిన ఆమెకు మన చిలక సంగతి తెలియాల్సిన పనిలేదు. ఇట్లాంటి కథ ప్రపంచంలో చాలా జాతులకు ఉంది. తేడా ఒక్కటే. మన కథలో చిలకను చంపితే గానీ తల్లికి విడుదల లేదు. సోఫీ కాల్సిఫర్‌ను చంపదు. బతకమని నోరారా చెప్పి, ఒప్పందం తెంపి, గుండెను దాని చోట పెడుతుంది. టోపీలతో మాట్లాడిన నోరు అక్కడ అసలు పనికి వచ్చింది. ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూసే భాగ్యం నీది. నీ క్లాసులో ఇంకెవరికైనా బాలనాగమ్మ తెలుసా? అడిగి చూడు.

మాయ కథలు చిన్నపిల్లలవని, చదువుకున్నవాళ్ళకు తగవని నీ స్నేహితురాలు ఎవరో అన్నదట. ఆ మాటకు నువ్వు చిన్నబుచ్చుకున్నావు. ఆమెకు కొడవటిగంటి కుటుంబరావు గురించి చెప్పు. ఫిజిక్స్ చదివిన మనిషి, హేతువాది, మార్క్సిస్టు, ‘చదువు’ లాంటి నవల రాసినవాడు. అట్లాంటివాడు 1952 నుంచి 1980లో పోయేదాకా మద్రాసులో కూర్చొని ‘చందమామ’కు సంపాదకత్వం చేశాడు. దయ్యాలు లేవని గట్టిగా నమ్మినవాడే బేతాళుణ్ణి నెలనెలా చెట్టు దించి, ఎక్కించాడు. పిల్లలకు చెప్పే కథలో వాక్యం ఎక్కడా తొట్రుపడకూడదని దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఊహ వేరు, మూఢనమ్మకం వేరు అన్న తెలివి ఆయనకు ఉంది. రెండూ ఒకటే అనుకునేవాళ్ళే మాయ కథను చూసి భయపడతారు.

ఆయన పక్కనే దాసరి సుబ్రహ్మణ్యం అని ఒకాయన ఉండేవాడు. 1952లోనే ‘చందమామ’లో చేరి, యాభై ఏళ్ళకు పైగా అక్కడే పని చేశాడు. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’. ఈ పన్నెండు సీరియళ్ళూ ఆయనవే. మా తరం పిల్లలకు ఊహ అనేది ఉందంటే సగం ఆయన పెట్టిన భిక్షే. శిఖిముఖి, విక్రమకేసరి అనే పేర్లు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మల్లో రాకాసి పాదం దగ్గర నిలబడ్డ మనిషి ఎంత చిన్నగా ఉండేవాడంటే, పేజీ తిప్పడానికి చేయి ఆడేది కాదు. సీరియల్ పేజీలు మాత్రం విప్పి, వరసగా పెట్టి బైండు చేయించుకునే అలవాటు అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఉండేది. మన ఇంట్లోనూ అట్లాంటి బైండు ఒకటి ఉండేది. అట్టలు ఊడి, మొదటి పేజీలు చిరిగి, కథ మధ్యలోంచి మొదలయ్యేది. దాన్ని ఎక్కువగా చదివింది మీ నాయినే. గడ్డివాము వెనక కూర్చొని చదువుతుంటే మా అవ్వ పిలిచి పిలిచి వేసారిపోయేది.

ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షల మంది పిల్లలు నెలనెలా కాచుకొని చదివారు గానీ రాసింది ఎవరో వాళ్ళకు తెలియదు. 2010 జనవరిలో ఆయన పోయే నాటికి చాలామంది అభిమానులు ఆయన పేరు కనుక్కొని కొన్నేళ్ళు కూడా కాలేదు. నాకు ఇది పెద్ద అప్పులాగా అనిపిస్తుంది. నీ పుస్తకంలోనూ ఇట్లాంటి సంగతి ఒకటి ఉంది, మొదటి పేజీల్లో చూశావో లేదో. రచయిత్రి ఒక బడికి వెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు ‘కదిలే కోట’ అనే పుస్తకం రాయమని అడిగాడట. ఆమె అతని పేరు రాసుకొని ఎంతో భద్రంగా దాచిందట. ఎంత భద్రంగా అంటే మళ్ళీ దొరకలేదు. ఆ పేరు తెలియని పిల్లవాడికి ఆమె పుస్తకంలోనే కృతజ్ఞత చెప్పింది. నువ్వు ఒక పుస్తకాన్ని ప్రేమిస్తే ఆ ప్రేమ పాత్రల దగ్గర ఆగకూడదు. ఎవరు రాశారు, ఎవరు బొమ్మ వేశారు, ఎవరు తెలుగు చేశారు అని వెతుకు. పేరు తెలుసుకొని, నలుగురిలో ఆ పేరు చెప్పు. నీ చేతిలో ఉన్న గౌరవం అది.

తెలిస్తే వింత పోతుందేమోనని కొందరికి భయం. నీకు ఆ భయం వద్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి నిన్ను చిన్నప్పుడు తీసుకుపోయాను, గుర్తుందో లేదో. కందూరు చోడులు కట్టించిన త్రికూటాలయం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడి ఉంటుంది. పొద్దున వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా సూర్యుడితో పాటు అది జరగదు. ఎదురుగా చూస్తే ఆ చోట నీడ పడేట్టు ఏ స్తంభమూ కనబడదు. గుడిలోకి సూటి ఎండ రాకుండా వేర్వేరు వైపుల నుంచి చెదిరిన వెలుతురు వచ్చేట్టు కట్టి, మండపంలోని స్తంభాల నీడలన్నీ కలిసి ఒకే నీడగా నిలిచేట్టు చేశారు. ఎంపీసీ చదువుతున్నావు, కాగితం మీద గీసి చూడు. గీసిన తరవాత మళ్ళీ ఒకసారి గుడికి పోదాం. లెక్క తెలిసినా నీడ అట్లాగే నిలబడి ఉంటుంది, నువ్వు అట్లాగే నోరు తెరిచి చూస్తావు. ఆ స్తంభాలు నిలబెట్టిన శిల్పి పేరు కూడా మనకు దక్కలేదు.

ఇప్పుడు కష్టమైన మాట. మాయ కథలు చదివేవాళ్ళు బతుకు నుంచి పారిపోతున్నారని అంటారు. పారిపోవడం ఉంటుంది, లేదని నేను అబద్ధం ఆడను. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, గోడ మీద అంటించే ర్యాంకులు. ఆ హాస్టల్ గదిలో నాలుగు రంగుల చుక్కల పిడి దొరికితే తిప్పనివాళ్ళు ఎవరు? తిప్పు. అయితే హౌల్‌ను చూశావు కదా. నాలుగు చోట్లకు తెరుచుకునే తలుపున్నది అతనికి. ఒక ఊళ్ళో ఎవరైనా వెతికితే ఇంకో ఊళ్ళోకి, రాజు పిలిస్తే మూడో ఊళ్ళోకి జారుకుంటాడు. నాలుగు చోట్ల నాలుగు పేర్లు. అంత అందమైన తలుపు పిరికివాడి చేతిలో దొంగదారి అయింది. అదే తలుపు సోఫీకి లోకం చూపించింది. రాత్రి రెండింటిదాకా చదివి పొద్దున క్లాసులో తూగడం, టెస్టు ముందు భయం వేసినప్పుడల్లా పుస్తకంలో తల దూర్చడం హౌల్ పని. నువ్వు చేస్తున్నది ఏదో నీకే తెలుస్తుంది. ఎవరూ పక్కన కూర్చొని చెప్పలేరు. చదువు మీద కోపం ఉంటే కోపమని చెప్పు, లెక్కలు రాకపోతే రావని చెప్పు. వాటికి సోఫీని అడ్డం పెట్టకు.

మీ నాయిన గురించి కూడా ఒక మాట. ఆయనకు నీ ఇష్టం అర్థం కాదని నువ్వు ముందే తేల్చేసుకున్నావు. కొనుగోలు సెంటర్‌లో వడ్లు పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా ఎండబోసుకుంటూ, మబ్బు పడితే పరదాలు కప్పుకుంటూ రాత్రిళ్ళు కుప్పల దగ్గరే పడుకొని నీ ఫీజు కట్టిన మనిషి. సిలబస్‌లోదేనా అని అడిగాడంటే డబ్బు గురించిన దిగులుతో అడిగాడు, పుస్తకం మీద పగతో కాదు. ఆ దిగులుకు గౌరవం ఇచ్చే జవాబు నిజమే. “సిలబస్‌ది కాదు నాయినా, నాకు మస్తు ఇష్టం, చదువు అయినంక చదువుకుంట” అని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఒక మాట అనేవాడేమో. పడాలి. ఇష్టమైనదాని కోసం ఒక మాట పడటం చేతకాకపోతే ఆ ఇష్టానికి బలం ఎట్లా వస్తుంది?

ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆయన తీరికగా ఉన్న సాయంత్రం చూసి కాల్సిఫర్ కథ చెప్పు. ఇంగ్లిషు పేర్లు తడబడితే మన పేర్లు పెట్టుకో. మాంత్రికుడి గుండె పొయ్యిలో ఉందన్న చోట ఒక్క క్షణం ఆగు. ఆయన చిలక సంగతి ఎత్తుతాడని నా నమ్మకం. కాశీమజిలీ కథల్లో గోపకుమారుడు మజిలీకొక కథ చెబితేనే కాశీకి వెంట వస్తానని మణిసిద్ధుడికి షరతు పెడతాడు. మన ఊరు హైదరాబాద్, విజయవాడ దారిలో మజిలీ లాంటిదే. ఇక్కడ పుట్టినవాళ్ళకు కథ అడిగే హక్కు ఉంది, చెప్పాల్సిన బాధ్యతా ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు ఆ కథలను 12 భాగాలుగా రాశారు. నా బీరువాలో కొన్ని భాగాలు ఉన్నాయి. కావాలంటే తీసుకుపో. హాస్టల్లో ఎవరైనా అడిగితే మాత్రం, తెలుగు మార్కుల కోసమని చెప్పకు.

నీ నవలకు తరవాత ‘కాసిల్ ఇన్ ది ఎయిర్’ అని ఇంకొకటి 1990లో వచ్చిందని పుస్తకం వెనక చూశాను. తివాచీలు అమ్మే కుర్రవాడి కథట. అది నీ దగ్గర ఉంటే పంపు, డిక్షనరీ ఇంకా బల్ల మీదే ఉంది.

ఒక్క చోట మాత్రం ఆ రచయిత్రితో నాకు పేచీ ఉంది. హౌల్ తన గుండె అగ్నిభూతానికి ఇచ్చాడు. ఆ బంజరుభూమి మంత్రగత్తె కూడా ఒకప్పుడు తన అగ్నిభూతంతో అట్లాంటి ఒప్పందమే చేసుకుంది. చివరికి ఆ భూతమే ఆమెను పూర్తిగా లొంగదీసుకుంది. హౌల్ దగ్గరికి సోఫీ వచ్చింది గనక బతికిపోయాడు. మంత్రగత్తె దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమె చచ్చిపోతే కథలో ఒక్కరూ అయ్యో అనరు. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరికి దొరికిన దయ రెండోవారికి ఎందుకు దొరకలేదు? ఆమె చేసిన పాపాలు ఎక్కువని అంటావేమో. అయితే మొదటి పాపం చేసిన రోజు ఆమె ఎవరు, ఎంత వయసుది, ఎందుకు ఒప్పుకుంది? మూడు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. నువ్వు ఆ పుస్తకం చాలాసార్లు చదివావు కదా, నేను చూడని ఆధారం ఏదైనా ఉంటే పేజీ నంబరు వేసి రాయి.

ఆశీస్సులతో,
నీ మేనత్త